నుతజల పద్యం: ‘సూనృతవ్రత!’ పొగడ్తా, ఎత్తిపొడుపా?

పలక బలపం:
మార్చి 8న బడిలో కట్టే ఫ్లెక్సీకి, తనను ఎరగనన్న దుష్యంతుడితో సభలో శకుంతల చెప్పే పద్యం అనుకున్నారు. నన్నయ భారతంలోది, ఆదిపర్వం, చతుర్థాశ్వాసం. డీటీపీ నుంచి వచ్చిన నమూనా ఇది:

నుతజల పూరితంబులగు నూతులు నూరిటికంటె సూనృత
వ్రత యొక బావి మేలు మరి బావులు నూరిటికంటె నొక్క
సత్క్రతువది మేలు తత్క్రతు శతంబునకంటె సుతుండు మేలు
తత్సుత శతకంబుకంటె నొక సూనృత వాక్యము మేలు చూడగన్

కింద భావం: ‘వంద నూతుల కంటే సత్యవ్రతమైన ఒక బావి మేలు, వంద బావుల కంటే ఒక యజ్ఞం మేలు...’ అని సాగుతుంది. సందేహాలు మూడు. నుయ్యి, బావి ఒకటే కదా, మరి ఒకటి ఇంకోదానికంటే ఎలా మేలవుతుంది? సూనృతవ్రత అనేది బావికి విశేషణమేనా? వంద యజ్ఞాల కంటే కొడుకు మేలనే పద్యాన్ని మహిళా దినోత్సవం నాడు కడితే నవ్వరూ?

అరసున్న:
ముందు పాఠం సరిచేయండి, భావం తర్వాత. ఇలా ఉండాలి:

నుతజల పూరితంబులగు నూతులు నూఱిటికంటె సూనృత
వ్రత! యొక బావి మేలు; మఱి బావులు నూఱిటికంటె నొక్క స
త్క్రతువది మేలు, తత్క్రతు శతంబునకంటె సుతుండు మేలు, త
త్సుత శతకంబుకంటె నొక సూనృత వాక్యము మేలు సూడఁగన్

పాదం చివర ఒంటరిగా నిలబడ్డ ‘స’, ‘త’ అచ్చుతప్పుల్లా కనబడి, డీటీపీ చేసినవారు వాటిని కింది వరసకు తోసేశారు. ఇది చంపకమాల. న జ భ జ జ జ ర గణాలు, పాదానికి 21 అక్షరాలు, పదకొండో అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోటు. మీ నమూనాలో రెండో పాదానికి 20, నాలుగో పాదానికి 22 వచ్చాయి. మూడో పాదం 21 దగ్గరే ఉంది కానీ మొదటి అక్షరమే గురువైపోయి నగణం చెడింది. అసలు నష్టం ప్రాసకు. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం తకారం: నుత, వ్రత, త్క్రతు, త్సుత. స, త కిందికి దిగితే చివరి రెండు పాదాల్లో ఆ తకారం మూడో చోటికి జరిగిపోతుంది.

‘చూడగన్’ కూడా తప్పే. ‘మేలు’ ప్రథమ, దాని మీది పరుషానికి గసడదవాదేశం, అంటే క చ ట త పలు గ స డ ద వలు అవుతాయి, కాబట్టి ‘సూడఁగన్’. నూఱిటి, మఱి అనే మాటల్లో బండి ఱ వేయండి. ప్రాసస్థానంలో లేదు గనక ర వేసినా ఛందస్సు చెడదు, కానీ నన్నయ నాటికి అవి రెండు వేరువేరు ధ్వనులు. ‘వ్రత’ తర్వాత ఆశ్చర్యార్థకం వదలకండి. మీ రెండో సందేహానికి సగం జవాబు ఆ గుర్తే.

ముచికుంద:
బావి సంగతి నేను చెబుతాను. వ్యాసుడి శ్లోకంలో ఉన్నవి కూపం, వాపి. నన్నయ కూపాన్ని నుయ్యి అన్నాడు, వాపిని బావి అన్నాడు. మన ‘బావి’ ఆ ‘వాపి’కి తద్భవమే. కూపం ఇరుకైనది, తాడు వేసి చేదుకోవాలి. వాపి మెట్లు దిగి నీటిదాకా వెళ్లే దిగుడుబావి. చేదడానికి బలం లేనివాళ్లు, చేతిలో తాడు లేని బాటసారి, దాహంతో వచ్చిన పశువు, అందరికీ అందేది రెండోదే. అందుకే వంద నూతుల కంటే ఒక్క బావి మేలు.

తెలంగాణలో చేదబావి, మోటబావి అని అన్నిటికీ బావే. నుయ్యి అనే మాట పిల్లలకు ‘నూతిలో కప్ప’ దగ్గర తప్ప తగలదు. అందుకని భావంలో ‘చేదుడుబావులు’, ‘దిగుడుబావి’ అని రాయండి, గొడవ తీరిపోతుంది. చూపించాలంటే సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్లబావికి తీసుకెళ్లవచ్చు. పూడిక తీసి, బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచారు. ఇంకో ముచ్చట: గచ్చిబౌలి, పుత్లీబౌలి, రేతిబౌలి, దూద్‌బౌలి పేర్లలోని ‘బౌలి’ కూడా ఆ వాపి సంతానమే. నన్నయ బావి మీదుగానే రోజూ బస్సులు పోతున్నాయన్నమాట.

యతిమైత్రి:
రెండో సందేహం. సూనృతవ్రత బావికి విశేషణం కాదు, దుష్యంతుడికి సంబోధన. సూనృతమే వ్రతంగా గలవాడు సూనృతవ్రతుఁడు, బహువ్రీహి. పిలిచేటప్పుడు ‘డు’ పోయి ‘సూనృతవ్రత!’ అవుతుంది. దాన్ని బావికి అతికిస్తే ‘నిజం చెప్పే బావి’ తేలుతుంది. మీ ఫ్లెక్సీ మీద ఉన్నది అదే.

ఈ ఒక్క మాట కోసమే పద్యం చదవాలంటాను. వ్యాసుడి శ్లోకం ఇది:

వరం కూపశతాద్ వాపీ వరం వాపీశతాత్ క్రతుః
వరం క్రతుశతాత్ పుత్రః సత్యం పుత్రశతాద్ వరమ్

ఇందులో పిలుపు లేదు. ఎవరు ఎవరితోనైనా చెప్పగల నీతి. నన్నయ మెట్ల వరస మార్చలేదు కానీ మూడు పనులు చేశాడు. ‘నుతజల’ చేర్చాడు, అంటే తక్కెడకు అవతల పెట్టినవి పాడుబడ్డ నూతులు కావు, మెచ్చదగిన నీళ్లున్నవే. సత్యాన్ని సూనృతం చేశాడు. సూనృతమంటే ప్రియమైన సత్యమని అమరకోశం. మూడోది ఈ సంబోధన. మొదటి పాదం చివర ‘సూనృత’, నాలుగో పాదం యతిస్థానంలో మళ్లీ ‘సూనృత’. అక్కడ నీ వ్రతం, ఇక్కడ నువ్వు చెప్పాల్సిన వాక్యం. ఈ రెంటి మధ్య రాజును నిలబెట్టింది శకుంతల. పైకి పిలుపే, లోపల ఎత్తిపొడుపు.

ఆమె అడిగేది ధర్మాల గురించి ఉపన్యాసం కాదు. ఒక వాక్యం. భారతంలో ఆమె గాంధర్వ వివాహానికి ముందే షరతు పెట్టింది, తనకు పుట్టినవాడే యువరాజు కావాలని. రాజు సరేనన్నాడు. ఆ సరేను సభలో మళ్లీ అనమంటోంది. ‘ఒక సూనృత వాక్యము’లో ‘ఒక’ను అలంకారంగా తీసుకోవద్దు.

ఇది సూక్తిగా పేరుపడి బడిపుస్తకాలకెక్కాక, చెప్పినావిడ జారిపోయింది. నన్నయ తనను నానారుచిరార్థసూక్తినిధి (రకరకాల అందమైన అర్థాలున్న సూక్తులకు నిధి) అని చెప్పుకున్నందుకు ఇది మనం కట్టిన మూల్యం కాబోలు.

కొత్తచిగురు:
ఎత్తిపొడుపని ఎలా తేల్చారండీ? నిండు సభలో రాజును బిరుదుతో పిలవడం మర్యాద. మరో పద్యంలో ‘విపరీత ప్రతిభాష లేమిటికి నుర్వీనాథ!’ అంటుంది, అది ఎత్తిపొడుపు కాదుగా.

ఇంకోటి. పురాణ స్త్రీలందరికీ స్త్రీవాద కిరీటం తొడిగే తొందర నాకు నచ్చదు. ఈ మెట్లలో సుతుడున్నాడు, కూతురు లేదు. చివరకు ఆమె మాటను గెలిపించింది ఆకాశవాణి, సభ కాదు. ఆ ఆకాశవాణి వ్యాసభారతంలో ‘భస్త్రా మాతా’ అంటుంది, తల్లి వట్టి తోలుసంచి, బిడ్డ తండ్రివాడే అని. వాల్మీకి సీత, తాను అడవికి వస్తానంటే వీల్లేదన్న రాముణ్ని ‘స్త్రియం పురుషవిగ్రహమ్’ అంటుంది, మగరూపంలో ఉన్న ఆడదానివని. మాట వాడిగా ఉంది, నిజమే. తిట్టుకు దొరికిన ముడిసరుకు మాత్రం ఆడతనమే.

యతిమైత్రి:
సీత సంగతి, తోలుసంచి సంగతి ఒప్పుకుంటాను. ఫ్లెక్సీ మీద అవి ఎవరూ వేయరు, వేస్తే మంచి చర్చ జరుగును.

ఉర్వీనాథుడు వేరు, సూనృతవ్రతుడు వేరు. భూమికి నాథుడన్న మాట అతను అబద్ధమాడినా చెల్లుతుంది. సూనృతవ్రతుడన్న పేరు అబద్ధమాడిన క్షణంలో చెల్లదు. మర్యాదకే అయితే ఆ చంపకమాలలో అతికే పిలుపులు నన్నయకు బోలెడు దొరుకుతాయి. ఆ రాజు ఏం చేస్తున్నాడో శకుంతలకు తెలుసు. ‘ఎఱిఁగి యెఱిఁగి’ ఎరగనంటున్నావని ఆమే అంటుంది. కాళిదాసు నాటకంలోని దుర్వాస శాపం, ఉంగరం భారతంలో లేవు. ఇక్కడి దుష్యంతుడు మరిచిపోలేదు. ఆకాశవాణి పలికాక అతనే చెబుతాడు: నాకు తెలుసు, కానీ ఈమె మాట మీదే బిడ్డను స్వీకరిస్తే జనం శంకిస్తారని ఊరుకున్నాను అని. తెలిసి బొంకేవాణ్ని సూనృతవ్రతా అని పిలవడం పొగడ్త ఎలా అవుతుంది? పైకి పొగడ్తే, అందుకే సభలో ఎవరూ తప్పు పట్టలేరు. మాటలో ముల్లుంది.

ఇక కొడుకు. లెక్క చివరిదాకా వేయండి. ఒక బావి వంద నూతులకు మించి, ఒక క్రతువు 10,000 నూతులకు మించి, ఒక కొడుకు 10 లక్షలకు మించి, ఒక సూనృత వాక్యం 10 కోట్లకు మించి. కొడుకు మూడో మెట్టు, పైమెట్టు కాదు. పక్కన నిలబడ్డ కొడుకును చూపిస్తూనే, ఇలాంటివాళ్లు నూరుమంది కంటే నీ మాట గొప్పదంటోంది. వారసుణ్ని ఇచ్చాను, ఏలుకో అని బతిమాలే ఆడది వేసే లెక్క కాదిది. కూతురు లేదన్న మీ ఆక్షేపణ మాత్రం నిలుస్తుంది, దానికి నా దగ్గర జవాబు లేదు.

తర్వాతి కందం కూడా ఇవ్వాలి:

వెలయంగ నశ్వమేధం
బులు వేయును నొక్క సత్యమును నిరుగడలం
దుల నిడి తూఁపఁగ సత్యము
వలనన ములుసూపు గౌరవంబున పేర్మిన్

ఇక్కడ రెండు మాటల దగ్గర జనం పొరబడతారు. ‘వలనన’ అంటే ‘కారణంగా’ కాదు. వలను అంటే వైపు, సత్యం వైపే అని. ‘గౌరవం’ మన్నన కాదు, గురుత్వం, బరువు. ‘ములు’ తరాజు నడిమి ముల్లు, అది ఎటు ఒరిగితే అటు బరువు. వ్యాసుడు తక్కెడ చెప్పి ఊరుకున్నాడు. ముల్లు కదలడం నన్నయ కళ్లకు కట్టించాడు.

వ్యాసభారతంలో దీని తర్వాత శకుంతల ఇంకా తెగేసి చెబుతుంది. నీకు అబద్ధమే ఇష్టమైతే నా దారిన నే పోతాను, నీలాంటివాడితో పొత్తు వద్దు, నువ్వు లేకున్నా నా కొడుకు ఈ భూమినేలుతాడు అంటుంది. నువ్వు నేల మీద తిరుగుతావు, నేను ఆకాశాన తిరుగుతాను, మన తేడా మేరువుకూ ఆవగింజకూ ఉన్నంత అని అంతకుముందే అంది. స్త్రీ బలం చూడాలంటే నా దృష్టిలో ఇక్కడ చూడాలి. ఆకాశవాణి పలికేలోపే ఆమె వెళ్లిపోవడానికి సిద్ధపడింది. తీర్పు కోసం ఆగలేదు.

ముచికుంద:
దీని పక్కన ద్రౌపది ప్రశ్న పెట్టుకోవచ్చు. సంస్కృతంలో ‘కిం ను పూర్వం పరాజైషీః’, ముందు ఎవర్ని ఓడావు అని ‘పూర్వం’ అనే మాట కావాల్సి వచ్చింది. తెలుగులో చెప్పుకునేటప్పుడు ‘తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా’ అంటాం. ‘ముందు’ అన్న మాటే లేదు. ‘ఓడి’ అనే క్త్వార్థకమే (ఒక పని అయ్యాక ఇంకోటి జరిగిందని చెప్పే క్రియారూపం) ఆ పని చేసేస్తుంది, ఏది మొదట జరిగిందో దానిలోనే ఉంది. తన్ను ఓడినవాడు దాసుడు, దాసుడికి పణంగా ఒడ్డే హక్కెక్కడిది అన్నది వాదం. భీష్ముడు ధర్మం సూక్ష్మమన్నాడు, కౌరవ సోదరుల్లో వికర్ణుడొక్కడు ఆమె పక్షాన లేచాడు. శకుంతల అడిగింది ఒక వాక్యం, ద్రౌపది అడిగింది ఒక వరసక్రమం. ఇద్దరూ జాలి అడగలేదు.

కొత్తచిగురు:
‘తరాజు ముల్లు’ నాకు కొత్త. సంబోధన విషయంలో సగం ఒప్పుకున్నాను, ‘ఎఱిఁగి యెఱిఁగి’ దగ్గర.

పలక బలపం:
భావం ఇలా మార్చాను, చూడండి: ‘మాటే వ్రతమైన రాజా! మంచినీటి చేదుడుబావులు నూటికంటే ఒక దిగుడుబావి మేలు. అలాంటి బావులు నూటికంటే ఒక మంచి యజ్ఞం, నూరు యజ్ఞాలకంటే ఒక కొడుకు, నూరుగురు కొడుకులకంటే ఒక నిజమైన మాట మేలు. — తనను ఎరగనన్న దుష్యంతుడితో సభలో శకుంతల’. ఒక పాప పద్యం పాడుతుంది కూడా. ఎక్కడ ఆగమని చెప్పాలి?

అరసున్న:
చివర పేరుతోపాటు సందర్భం వేశారు, అది చాలా అవసరం. ‘మాటే వ్రతమైన’ కంటే ‘నిజమే వ్రతమైన’ అనండి. మొదట్లోనూ చివర్లోనూ అదే మాట వినబడాలిగా.

పాడేటప్పుడు పాదాల చివర ఆగకూడదు. మూడు పాదాలూ మాట మధ్యలోనే తెగుతాయి. ‘నూఱిటికంటె’ దగ్గర చిన్న విరుపు. ‘సూనృతవ్రత!’ పాదం దాటుతూ ఒక్క ఊపిరిలో. అక్కడ గొంతు కాస్త పైకి, ఎదురుగా ఉన్న మనిషిని పిలిచినట్టు. తర్వాత మూడు ‘మేలు’ల దగ్గర ఆగాలి. నాలుగో ‘మేలు’ దగ్గర ఆగకుండా ‘సూడఁగన్’తో కలిపేయాలి. తొందరలో ‘సత్క్రతువు’ను ‘సత్కృతువు’ అనేస్తారు, అది ముందే రెండుమూడుసార్లు అనిపించండి. ‘సూనృత’లో నృ కూడా అంతే, ‘న్రు’ అయిపోతుంది.

ఫ్లెక్సీకి పంపేముందు అక్షరాలను బొమ్మగా మార్చి పంపమనండి. అచ్చువేసే కంప్యూటర్‌లోని ఫాంటులో అరసున్న లేకపోతే ‘సూడఁగన్’ మధ్యలో ఖాళీ డబ్బా పడుతుంది.