‘గ్రేవ్ కన్నా గ్రేవీ’: స్క్రూజ్ కుళ్ళు జోకుని తెలుగులో ఎలా అనిపించాలి?

ప్రశ్న: డికెన్స్ ‘ఎ క్రిస్మస్ కారల్’ (1843)లో చచ్చిపోయిన వ్యాపార భాగస్వామి మార్లీ దెయ్యమై ఎదురుగా కూర్చున్నా పిసినారి స్క్రూజ్ నమ్మడు. అరగని బీఫ్ ముక్కవో, ఆవపిండి బొట్టువో, చీజ్ తునకవో అయ్యుంటావు, నీలో గ్రేవ్ (సమాధి) కన్నా గ్రేవీయే ఎక్కువ (‘దేర్స్ మోర్ ఆఫ్ గ్రేవీ దాన్ ఆఫ్ గ్రేవ్ అబౌట్ యూ’) అంటాడు. 1992లో మపెట్ బొమ్మలతో తీసిన ‘ద మపెట్ క్రిస్మస్ కారల్’ సినిమాలోనూ స్క్రూజ్ వేషం వేసిన నటుడు మైకేల్ కెయిన్ ఈ మాట అంటాడు. డబ్బింగ్‌కి ‘సమాధి కన్నా సాంబారు’ నడుస్తుందా?

– నడవదు. లండన్‌లో సాంబారు ఎక్కడిది? పైగా ‘స’ ఒక్కటే కలిసింది. ముందు వాక్యంలో ఆవపిండి ఉండనే ఉంది కదా, దాన్నే వాడుకోండి: ‘పిండం కన్నా ఆవపిండే ఎక్కువ’.

– వినడానికి బ్రహ్మాండంగా ఉంది, చిక్కు కూడా అదే. ఒకటి, పిండం అనగానే కాకులూ గోదావరి గట్టూ కళ్ళముందుకొస్తాయి. ఈ కథ చివర్లో స్క్రూజ్ చూడబోయేది చర్చి పక్క శ్మశానంలో తన పేరు చెక్కిన రాయి. రెండు, ఇది మంచి జోకు. అక్కడ ఉండాల్సింది చెత్త జోకు. సినిమాలో మార్లీలు (అక్కడ ఇద్దరు) వెంటనే దాన్ని వెక్కిరిస్తారు. జోకు పేలితే వాళ్ళ వెక్కిరింతకి పని లేదు.

– అయితే ‘పాడె’, ‘పాడైన కూర’?

– ‘పాడె దిగి రాలేదు, పాడైన కూరలోంచి వచ్చావు’. సబ్‌టైటిల్‌కి ఓకే. డబ్బింగ్‌కి పొడుగు. ఇంగ్లీషు వాక్యం పదకొండు అక్షరాలు, ఇది పదిహేడు.

– పెట్టె, పొట్ట చూడండి. ‘నీలో పెట్టె కన్నా పొట్టే ఎక్కువ’. నీ-లో-పె-ట్టె-క-న్నా-పొ-ట్టే-ఎ-క్కు-వ, సరిగ్గా పదకొండు. శవాన్ని పెట్టేదీ పెట్టే, మార్లీ గొలుసుకి వేలాడే డబ్బుపెట్టె కూడా పెట్టే. చెత్తగానూ ఉంది, కావలసినంత.

– బావుంది కానీ ‘నీలో’ తప్పు. పుస్తకంలో మార్లీ ఒక్కడు. ఈ సినిమాలో ఇద్దరు, జేకబ్, రాబర్ట్. మపెట్ బొమ్మల్లో బాల్కనీలో కూర్చుని అందర్నీ ఏకిపారేసే ముసలాళ్ళు స్టాట్లర్, వాల్డార్ఫ్ ఆ వేషాలు వేశారు. ఇంగ్లీషులో ఒకరైనా ఇద్దరైనా ‘యూ’యే కనక అక్కడ తెలియదు, మనకి ‘మీలో’ అనక తప్పదు. అందులో ఒక లాభం కూడా ఉంది, తెరమీది పెదవుల కదలికకి మాట దగ్గరగా కలుస్తుంది. ఇంగ్లీషులో రెండో అక్షరం ‘మోర్’ దగ్గర కెయిన్ పెదవులు మూసుకుంటాయి. ‘మీ’ ఒక అక్షరం ముందు పడుతుంది, అంతే. చివర్లో ‘అబౌట్’లోని ‘బ’కి మాత్రం మన దగ్గర జోడీ లేదు. ‘పొట్ట పాలెక్కువ’ అంటే ‘పా’ దగ్గరకొస్తుంది, కానీ వినేవాళ్ళకి తాగే పాలు తోస్తాయి. వద్దు.

– పెదవుల గొడవ కెయిన్‌కే. బొమ్మలకి ప-బ-మల బెంగ లేదు, వాటి నోరు అక్షరానికోసారి తెరుచుకుంటుంది. కాబట్టి మార్లీల జవాబుకి అక్షరాల లెక్క కుదిరితే చాలు. ఎక్కువైతే మూసిన నోట్లోంచి మాట వస్తుంది, తక్కువైతే నోరు ఊరికే ఆడుతుంది. ‘వచ్చేశాను’ని ‘వచ్చేసా’ చేసినట్టు చివర కత్తిరిస్తే చాలాసార్లు సరిపోతుంది.

– ఒక అనుమానం. ‘పొట్టే ఎక్కువ’ అంటే బొజ్జ ఉందని ఎత్తిపొడిచినట్టు లేదూ?

– ముందు వాక్యంలో ‘అరగని’ గట్టిగా వినబడాలి. ‘అజీర్తి చేస్తే కళ్ళు కూడా అబద్ధం చెప్తాయి’ అని ఒకటి పడితే బొజ్జ మీదికి పోదు.

– మార్లీల జవాబులో ‘ఏం శ్లేష!’ అని రాయకండి. ఒకే మాటకి రెండర్థాలుంటే శ్లేష, ఇవి రెండు వేరే మాటలు. అయినా దెయ్యాల నోట అలంకారశాస్త్రం ఎందుకు? ‘ఏం కుళ్ళు జోకయ్యా!’ చాలు, శవాలు అంటున్నాయి కనక ‘కుళ్ళు’ రెండిందాలా కుదురుతుంది. ఆ తర్వాత కామెడీ ఎలుగుబంట్లకి వదిలెయ్యమంటారు. దాన్ని కోతులో కేతిగాడో చేయకండి. ఫాజీ అనే ఎలుగుబంటి ఇదే సినిమాలో స్క్రూజ్ పాత యజమానిగా వస్తాడు, ఇక్కడి మాట అక్కడికి తగలాలి.