అప్‌డేట్: కరెంటు బిల్లు గుట్టు తెలిసింది (చెన్నై, వేళచ్చేరి)

రెండు నెలలకి 400 యూనిట్లు దాటని ఇంట్లో ఒక్కసారిగా 640 వచ్చిందని, పాత ఫ్రిజ్ మార్చాలా అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. ఫ్రిజ్ మార్చలేదు, బతికిపోయాను.

పని చేసింది ఎంసీబీలు (మెయిన్ బోర్డులో ఒక్కో లైనుకి ఉండే స్విచ్‌లు) ఒక్కొక్కటీ ఆపి మీటర్ చూడమన్న సలహా. ఒక మధ్యాహ్నం ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపి, గీజర్ ఒక్కటే ఉంచాను. ఎవరూ వేణ్ణీళ్లు వాడలేదు. అయినా మూడు గంటల్లో అర యూనిట్ తిరిగింది! అంటే రోజుకి 4, రెండు నెలలకి 240. లెక్క సరిగ్గా అతికింది.

ఎలక్ట్రీషియన్ గీజర్‌లో లోపం లేదన్నాడు. అసలు దొంగ బాత్రూమ్ కుళాయే. వేడినీళ్ల వైపు సన్నటి ధారగా కారుతోంది, పోయిన నీళ్ల బదులు వచ్చే చన్నీళ్లని గీజర్ మళ్లీ మళ్లీ కాస్తోంది. పైపులోనే చల్లారిపోతుంది కాబట్టి అవి చన్నీళ్లే అనుకుని బకెట్ పెట్టి వాడుకుంటున్నాం. మా అత్తగారైతే నీళ్లు వృథా కావట్లేదని సంతోషించారు కూడా! ప్లంబర్ స్పిండిల్ (కుళాయి లోపల నీళ్లు ఆపే భాగం) మార్చాడు, పావుగంట పని. గీజర్ స్విచ్ కూడా ఇప్పుడు స్నానానికి ముందే వేస్తున్నాం.

ఫ్రిజ్ రబ్బరు, సెట్‌టాప్ బాక్స్, మీటర్ మీద అనుమానం, అన్నీ ఉత్తవే. ఇంకోటి, ఇక్కడ రెండు నెలలకి 500 యూనిట్లు దాటితే 101 నుంచి 200 యూనిట్ల వరకు ఉండే తక్కువ రేటు కూడా పోతుంది. బిల్లు అంత ఎగరడానికి అదీ ఒక కారణం.

నిన్నటి రీడింగ్ ప్రకారం రెండు నెలల వాడకం: 388 యూనిట్లు.