వెర్డి ఆపెరా: ఫ్రెంచ్‌లో వినాలా, ఇటాలియన్‌లోనా?

ఇటాలియన్ స్వరకర్త వెర్డి ఆపెరా "లే వేప్ర్ సిసిలియెన్" మొత్తం వినాలనుంది. 1282లో సిసిలీ ద్వీపంలోని పలెర్మో జనం ఫ్రెంచ్ పాలకుల మీద తిరగబడ్డ కథ. విచిత్రమేమిటంటే దాన్ని 1855లో పారిస్ వాళ్ల కోసం, ఫ్రెంచ్‌లోనే రాశాడు. ఇటలీలోనేమో సెన్సార్ దెబ్బకు కథను పోర్చుగల్‌కు మార్చి ఆడించారు!

తిరుగుబాటు నాయకుడు ప్రొచీదా పాడే "ఓ తు పలెర్మో" ఒక్కటే విన్నాను, ఇటాలియన్‌లో. బాస్ (మగవాళ్ల అతి మంద్ర) గొంతుకు అంత మంచి పాట అరుదు.

ఐదంకాలూ మొదటిసారి వినేవాళ్లకు ఏ భాషలోది మేలు? మూడో అంకంలోని నాలుగు ఋతువుల బ్యాలే దాదాపు అరగంట. దాన్ని కోసేయని రికార్డింగ్ ఏదైనా ఉంటే చెప్పండి. ఇంకో సందేహం: చివర్లో పెళ్లి గంటలు మోగగానే ఊచకోత మొదలవుతుంది. చరిత్రలో అది ఈస్టర్ సోమవారం సాయంత్రం ప్రార్థన వేళ కదా. మరి ఆ పెళ్లి ఆపెరా కథ, మాటలు రాసిన స్క్రీబ్ కల్పనేనా?

సబ్‌టైటిల్స్ ఉన్న వీడియో అయితే మరీ సంతోషం.