న్యూ ఆర్లీన్స్‌లో ఇల్లు కొనవచ్చా? అసలు ఆ ఊరిని మళ్లీ కట్టడం సబబేనా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను అమెరికా వచ్చి ఇంకా ఏడాది కాలేదు. న్యూ ఆర్లీన్స్‌లోని ఒక ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయమై, వచ్చే నెలలో భార్యాపిల్లలతో అక్కడికి మారుతున్నాను. మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడినప్పుడు మా అమ్మానాన్నలు మేడ మీదే ఉండిపోయారు కాబట్టి, సముద్రమట్టానికి దిగువన ఉన్న ఊళ్లో ఇల్లు కొంటానంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోవడం లేదు. 2005లో కత్రినా హరికేన్ ముంచిన తరువాత ఆ నగరాన్ని మళ్లీ కట్టడమే తెలివితక్కువ పని అని ఇక్కడి సహోద్యోగులు కూడా అంటున్నారు. అక్కడ స్థిరపడిన పెద్దలు సలహా ఇవ్వగలరు.

జవాబు, మెటైరీ నుంచి

నమస్కారమండీ. నేనుండే మెటైరీ న్యూ ఆర్లీన్స్‌ను ఆనుకునే ఉంటుంది. ముందు మీ సహోద్యోగుల మాట చూద్దాం. 2005 ఆగస్టు 29న కత్రినా, అయిదు శ్రేణుల్లో మూడవ శ్రేణి హరికేన్‌గా, ఊరికి ఆగ్నేయంగా ఉన్న బురాస్ దగ్గర తీరం దాటింది. నగరంలో దాదాపు 80 శాతం మునిగింది. అయితే ఊరిని ముంచినది మిసిసిపీ నది కాదు. వాననీటిని పాంచట్రేన్ సరస్సులోకి పంపే 17వ వీధి కాలువ, లండన్ ఎవెన్యూ కాలువల వెంట సైనిక ఇంజనీర్ల విభాగం కట్టిన కాంక్రీటు గోడలు, నీరు అంచు దాకా రాకముందే ఒరిగిపోయాయి. వాన వేరు, గండి వేరు అని సింగ్ నగర్ వారికి నేను చెప్పనక్కరలేదు. గోడల రూపకల్పనలోని తప్పును ఊరు వెలసిన చోటు మీదకు నెట్టడం నాకు సబబనిపించదు.

ఆ మాటకొస్తే ఊరంతా ఒకటే పల్లం కూడా కాదు. 1718లో ఫ్రెంచివారు ఎంచుకున్నది, నది ఏటేటా ఒండ్రు మేట వేసి ఎత్తు చేసిన గట్టు నేల; ఫ్రెంచ్ క్వార్టర్, గార్డెన్ డిస్ట్రిక్ట్ వంటి ఒడ్డు పేటలు కత్రినాలోనూ చాలావరకు మునగలేదు. వెనుకనున్న చిత్తడి నేలను మాత్రం, బాల్డ్విన్ వుడ్ అనే ఇంజనీరు 1910లలో రూపొందించిన భారీ పంపులతో తోడి ఇళ్ల స్థలాలుగా మార్చారు. నీరు తీసిన కొద్దీ ఆ మెత్తటి నేల కుంగి గిన్నెలా తయారైంది. లేక్‌వ్యూ, జెంటిల్లీ, బ్రాడ్‌మూర్ ఆ గిన్నె అడుగున ఉన్న పేటలే.

అందుకే ఊరిని కట్టాలా వద్దా అని గంపగుత్తగా అడిగితే జవాబు దొరకదు. అప్పటి అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ డెన్నిస్ హాస్టర్ట్ మళ్లీ కట్టడంలో అర్థం లేదన్నట్లు మాట్లాడి, ఆ తరువాత సర్దుకోవలసి వచ్చింది. మధ్య రాష్ట్రాల ధాన్యం నది మీదుగా దిగివచ్చి ఓడలెక్కేది ఈ ప్రాంతపు రేవుల్లోనే. రేవు కావాలి గాని అందులో పనిచేసేవారికి ఇళ్లు వద్దంటే ఎలా? ఇక 2006 జనవరిలో మేయర్ రే నేగిన్ నియమించిన సంఘం, కొన్ని పల్లపు పేటలను పార్కులుగా మార్చవచ్చని సూచించింది. స్థానిక పత్రిక ఆ చోట్లను పటం మీద ఆకుపచ్చ చుక్కలతో అచ్చు వేయగానే, తమ పేట మీద చుక్క చూసుకున్న బ్రాడ్‌మూర్ వాసులు భగ్గుమన్నారు. నేలను బట్టి చూస్తే ఆ పటంలో పెద్ద తప్పేమీ లేదు. కాని చుక్క పడిన ఇంటికి ఎంత వెల కట్టిస్తారో, ఆ కుటుంబానికి మెరక మీద ఎక్కడ చోటు చూపిస్తారో ఎవరూ చెప్పలేదు. మేయర్ వెనక్కి తగ్గి, ఎవరి ఇల్లు వారే కట్టుకోండని వదిలేశారు. ఇళ్లు దెబ్బతిన్న సొంతదారులకు ప్రభుత్వం ఇచ్చిన 'రోడ్ హోమ్' సహాయాన్నేమో మరమ్మతు ఖర్చు, తుఫానుకు ముందటి ఇంటి ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానిని బట్టి లెక్కగట్టారు. నల్లజాతివారి పేటల్లో ఇళ్ల ధరలు తక్కువ కాబట్టి, అక్కడ చాలామందికి ఆ సొమ్ము కట్టుబడికి చాలలేదు. దావా పడి, 2011లో గాని రాజీ కుదరలేదు. 2000లో 4,84,674 మంది ఉన్న నగరంలో 2020 నాటికి 3,83,997 మందే ఉన్నారు. మళ్లీ కట్టడం న్యాయమే, కట్టిన తీరులోనే అన్యాయం జరిగిందని నా అభిప్రాయం. జెంటిల్లీ వైపు వెళితే మీకే కనబడుతుంది: మనిషెత్తు స్తంభాల మీద లేచిన కొత్త ఇల్లు, దాని పక్కనే నేలమట్టపు పాత ఇల్లు, ఆ పక్కన ఇల్లు పోయి అరుగు మెట్లు మాత్రం మిగిలిన ఖాళీ స్థలం.

ఆ తరువాత దాదాపు 14.5 బిలియన్ డాలర్లతో కొత్త గోడలు, గేట్లు, పంపులు కట్టారు. 2021లో, మళ్లీ ఆగస్టు 29నే, ఐడా నాలుగవ శ్రేణితో వచ్చినప్పుడు అవి నిలిచాయి. కరెంటు పోయి ఊరంతా అల్లాడింది గాని మునగలేదు, గోడల బయటనున్న లాప్లాస్ మునిగింది. అయితే ఈ ఏర్పాటు ఏటా 1 శాతం అవకాశమున్న ఉప్పెనకు సరిపోయేటట్లు కట్టినది. 30 ఏళ్ల గృహరుణ కాలానికి లెక్క వేస్తే, ఆ స్థాయి ఉప్పెన ఒక్కసారైనా వచ్చే అవకాశం సుమారు 26 శాతం. పైగా కుండపోత వానకు ఈ గోడలు చేసేదేమీ లేదు. 2017 ఆగస్టు 5న, హరికేన్ ఏదీ లేకుండానే, కొన్ని పంపులు పనిచేయక వీధులు మునిగాయి. ఆ తరువాత సెయింట్ చార్లెస్ ఎవెన్యూలో ఐదు బ్లాకుల మేర మురుగు తూములు శుభ్రం చేస్తే, మార్డి గ్రా పండుగ ఊరేగింపుల్లో విసిరే పూసల దండలే సుమారు 46 టన్నులు బయటపడ్డాయి. ఇది కూడా మన ఊరి తీరే! గట్టి వాన సూచన రాగానే అందరూ కార్లను 'న్యూట్రల్ గ్రౌండ్' అనే రోడ్డు మధ్య ఎత్తు మీదికి ఎక్కిస్తారు. మీరూ ఎక్కించండి.

ఇక మీ ఇంటి సంగతి. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా ఉండే హరికేన్ కాలం ఒకటైనా అద్దె ఇంట్లో గడపండి. కొనేటప్పుడు ఇల్లు ఎంత ఎత్తున ఉందో తెలిపే ఎలివేషన్ సర్టిఫికెట్ అడగండి, బేరం కుదుర్చుకునే ముందే బీమా ధర తెలుసుకోండి. మామూలు ఇంటి బీమాలో వరద నష్టం చేరదు. ప్రభుత్వ వరద బీమా సాధారణంగా కొన్న 30 రోజులకు గాని అమలులోకి రాదు. ఇంటి కట్టడానికి 2,50,000 డాలర్లకు మించి ఇవ్వదు. ప్రభుత్వ వరద పటంలో ముప్పు తక్కువని చూపే 'ఎక్స్' జోన్ కాబట్టి బ్యాంకు వరద బీమా అడగదని ఏజెంటు చెప్పినా సరే, తీసుకోండి.

జవాబు, బేటన్ రూజ్ నుంచి

పైన వ్రాసిన అక్కగారితో చాలావరకు ఏకీభవిస్తాను గాని, నేనైతే కొనను. 1930ల నుంచి లూయిజియానా తీరంలో సుమారు 2,000 చదరపు మైళ్ల నేల నీటి పాలైంది. ఉప్పెన ఉరవడిని తగ్గించే ఆ చిత్తడి నేలలు పోతుంటే, గోడల మీదే భారమంతా పడుతుంది. ఆ గోడలు కూడా కుంగే నేల మీదే ఉన్నాయి. నది ఒండ్రును మళ్లించి కొత్త నేల పెంచడానికి తలపెట్టిన మిడ్-బారటారియా పథకాన్ని రాష్ట్రం 2025లో రద్దు చేసుకుంది. ఉద్యోగం చేసుకోండి, అద్దెకు ఉండండి, ఇంటికి పెట్టే డబ్బు వేరే చోట పెట్టుకోండి.

జవాబు, మెటైరీ నుంచి

తమ్ముడుగారి భయం కాదనలేనిదే. అద్దెకు ఉన్నా, కొన్నా, ఇంకొక సంగతి మాత్రం చేరిన మొదటి వారంలోనే తేల్చుకోండి. హరికేన్ వచ్చే వేళ ఆసుపత్రి సిబ్బందిలో కొందరు లోపలే ఉండిపోవలసి ఉంటుంది. మీ పేరు ఏ జట్టులో ఉంటుందో మీ విభాగాధిపతిని అడగండి. మీరు లోపల ఉండే పక్షంలో పిల్లలను తీసుకుని హ్యూస్టన్ దాకా వెళ్లవలసినది మీ ఆవిడే కాబట్టి, ఆమెకు లైసెన్సు, హైవే మీద నడిపే అలవాటు జూన్ లోపల వచ్చేటట్లు చూడండి.