‘అలోహ కాఉఅ’లో ఉన్న మనం

ప్రశ్న: అబ్బాయి దగ్గరికి హొనొలులు వచ్చాం. పక్కింటి పెద్దావిడ హవాయి మనిషి. తన చేత్తో గుచ్చిన దేవగన్నేరు పూలదండ నా మెడలో వేసి ‘అలోహ కాఉఅ’ అన్నారు. అలోహ అంటే ప్రేమ అనీ, పలకరింపనీ తెలుసు, ఆ రెండో మాట ఏమిటి? ఆవిడ దండ ఎంతో బాగుంది. ఆ మాట వాళ్ల భాషలోనే చెప్పాలని ఉంది.

జవాబు: అమ్మా, ఆవిడ మీకు ఇచ్చిన మాట చాలా మంచిది. ‘కాఉఅ’ అంటే మనమిద్దరం. మీకూ నాకూ మధ్య ప్రేమ ఉండాలని ఆ పలకరింపు. ఎదుట ఎక్కువమంది ఉంటే ‘అలోహ కాకొఉ’ అనేవారు, అది మనమందరం. ఎదుటివారిని కలుపుకోకుండా చెప్పాలంటే ‘మాఉఅ’ (మేమిద్దరం), ‘మాకొఉ’ (మేమందరం) అంటారు. ఈ తేడా ఇంగ్లీషువాళ్లు కష్టపడి నేర్చుకోవాలి. ‘మా ఊరు’, ‘మన ఊరు’ అంటూ పెరిగిన మనకు మాత్రం ఇట్టే అర్థమవుతుంది. ఇద్దరికి ప్రత్యేకంగా సర్వనామం ఉండడమే మనకు కొత్త.

ఇక మెచ్చుకోలు. హవాయిలో ‘నీ’ అనడానికి రెండు మాటలున్నాయి. ‘నని కొఉ లేయి’ అంటే మీరు వేసుకున్న దండ అందంగా ఉందని. ‘నని కాఉ లేయి’ అంటే మీరు గుచ్చిన దండ అందంగా ఉందని. నని అంటే అందం, లేయి అంటే దండ. ఒంటిమీద ఉన్నదానికీ చేత్తో చేసినదానికీ సంబంధం వేరని ఆ భాష గుర్తిస్తుంది. తెలుగులో రెండింటికీ ‘మీ దండ’ అనే అంటాం. నాకైతే ఆ సూక్ష్మం చూసి ముచ్చటేసింది.

మీరు చెప్పవలసింది రెండోది. ‘కా’ దీర్ఘం తీయండి, ‘ఉ’ని దానికి కలిపేయండి. దీర్ఘం పోయి, మధ్యలో గొంతు ఒక్కక్షణం ఆగితే ‘కʼఉ’ అవుతుంది. అంటే ‘నా’! ఆ గొంతు ఆపు అక్కడ ఒక హల్లు, దానికి మన లిపిలో అక్షరం లేదు.

తర్వాత ‘మహలొ’ అనండి, కృతజ్ఞతలు అని. ఆవిడ ‘ʼఅʼఒలె పిలికిఅ’ అనవచ్చు. ఇబ్బందేమీ లేదని, మనం ‘దానిదేముందండీ’ అన్నట్టు.

మరొకరు: ఒక మాట కలుపుతాను. 1896 చట్టంతో అక్కడి బడుల్లో బోధన ఇంగ్లీషులోకి మారింది. చాలా ఇళ్లలో పిల్లలకు ఈ భాష అందలేదు. 1978లో రాష్ట్ర రాజ్యాంగం దాన్ని అధికార భాషగా గుర్తించింది. 1980ల నుంచి ‘పూనన లెఒ’ అనే శిశు పాఠశాలల్లో మళ్లీ హవాయిలోనే చెబుతున్నారు. ఆ పేరుకు అర్థం భాషా గూడు. ఆ వయసు మనిషి తన భాషలో పలకరించారంటే, అమ్మా, చిన్న విషయం కాదు.

ప్రశ్న అడిగినవారు: పొద్దున చెప్పానండీ. ‘కా’ దగ్గర తడబడ్డాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని దీర్ఘం తీసి చూపించారు, ఇద్దరం కలిసి మూడుసార్లు అన్నాం. సాయంత్రం దండ గుచ్చడం నేర్పిస్తారట.