ధనియాల విత్తనం: రంగు మీద కోయాలా, ఎండనివ్వాలా?

రేగడిచేను (జమ్మలమడుగు): వానాధారం ధనియాలు. గింజలు సగం పసుపు తిరగ్గానే కోస్తే పచ్చ రంగు నిలిచి ధర పలుకుతుంది. వచ్చే ఏటి విత్తనం కూడా ఆ కుప్పలోంచే ఎత్తిపెట్టుకోవచ్చా?

కళ్ళంమాట (ఆదోని): వద్దన్నా. ధనియాల చెట్టు ఒక్కసారిగా పండదు. నడిమి కాడ మీది గుత్తి ముందు, పక్క కొమ్మలవి తర్వాత, చిల్లర రెమ్మలవి ఆఖరికి. రంగు కోసం కోసిన రోజుకు తలగుత్తే పక్వం. చివరివి ఎండితే ముడుచుకుపోతాయి, సరిగా మొలవవు. రెండు గింజలు నలిపి వాసన చూడండి. నల్లి కంపు కొడితే ఇంకా పచ్చిదే.

మైదుకూరు_మిట్ట: వాసన సంగతి ఒప్పుకుంటా. కానీ చేనంతా ఎండేదాకా ఆగితే ముందు రాలేది ఆ తలగుత్తే కదప్పా! మంచి గింజంతా నేలపాలు. మిగిలింది కళ్ళంలో ట్రాక్టర్ కింద బద్దలవుతుంది. అదేం విత్తనం?

కళ్ళంమాట: బద్దయితే చెడినట్టా? ధనియం అంటేనే రెండు విత్తనాల జోడు, ఒక్కో బద్దకు ఒక మొలక. విత్తేముందు మనమే రుద్ది విడగొడతాం.

మైదుకూరు_మిట్ట: విత్తేరోజు చేత్తో రుద్దడం వేరు, ఎనిమిది నెలల ముందే టైరు కింద నలగడం వేరు. లోపలి మొలక దెబ్బతింటుంది, పురుగుకు దారి దొరుకుతుంది. నిల్వకు గుండు గింజే ఉండాలి.

కళ్ళంమాట: అది మాత్రం నిజం. అందుకే అమ్మే పంటకో కోత, విత్తనానికో కోత. ఎకరాకు విత్తనం 6–8 కిలోలే కాబట్టి బూడిద తెగులు లేని చోట 5 సెంట్లు వదిలితే చాలు. తలగుత్తులు, పక్క గుత్తులు గోధుమ రంగుకు తిరిగాక పొద్దున్నే మంచు పదునులో కోయండి. ఎండెక్కాక ముట్టుకుంటే రాలతాయి. నీడలో పలచగా ఆరబెట్టి, కట్టెతో మెల్లగా కొట్టాలి.

తాడిపత్రి_తోట: ఒక కోత ఆకు తీసి, అదే చేను విత్తనానికి వదిలితే?

మైదుకూరు_మిట్ట: నీళ్ళుంటే, కాడ లేవకముందు ఒక్కసారికి పరవాలేదు. వానాధారంలో మాత్రం పూత వెనకబడి, గింజ పాలు పోసుకునే వేళకు రేగడిలో తేమ అయిపోతుంది. తాలే మిగులుతుంది.

రేగడిచేను: ఈసారి రంగు మీద కోసిందే ఇంట్లో ఉంది. పారేయాలా?

కళ్ళంమాట: జల్లెడ పట్టి సన్నవి తీసేయండి. లావు గింజల్లోంచి 100 బద్దలు తడి గోనెలో చుట్టి 10–12 రోజులు చూడండి. 65కు తక్కువ మొలిస్తే కూరపొడికి వాడుకోండి.