2007 పేట్రియాట్స్: 18 గెలిచి ఒకటి ఓడిన సీజన్‌ను దురదృష్టమే దెబ్బతీసిందా?

బోస్టన్‌వాసి

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ (NFL) ఫైనల్ అయిన సూపర్ బౌల్ దగ్గరపడిన ప్రతిసారీ మా మిత్రుల మధ్య ఈ వాదన లేస్తుంది, ఇక్కడ కూడా అడుగుతున్నాను. న్యూ ఇంగ్లాండ్ పేట్రియాట్స్ 2007 లీగ్ దశలో 16కు 16 మ్యాచ్‌లూ గెలిచారు. ప్లేఆఫ్స్‌లో జాక్సన్‌విల్‌ను, శాన్ డియేగోను ఓడించారు. చివరికి 2008 ఫిబ్రవరి 3న అరిజోనాలో న్యూయార్క్ జెయింట్స్ చేతిలో 17-14తో ఓడారు. జెయింట్స్ ఆటగాడు డేవిడ్ టైరీ ఒంటి చేత్తో బంతిని హెల్మెట్‌కు అదిమి పట్టిన ఆ క్యాచ్ లేకపోతే కప్పు మాదే. అంతకు ముందు జెయింట్స్ వేసిన పాస్ మా అసాంటే శామ్యూల్ చేతుల్లోంచి జారిపోయింది. అది చిక్కినా అక్కడికక్కడే ఆట ముగిసేది.

589 పాయింట్లు, మా క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) టామ్ బ్రేడీ 50 టచ్‌డౌన్ (ప్రత్యర్థి చివరి గీత దాటి బంతి చేర్చడం) పాస్‌లు, మా రిసీవర్ రాండీ మాస్ అందుకున్న 23 టచ్‌డౌన్‌లు. మూడూ అప్పటికి రికార్డులే. 17కు 17 గెలిచిన 1972 మయామీ డాల్ఫిన్స్ కన్నా ఇదే గొప్ప జట్టు అంటాను. ఆ ఏడాది డాల్ఫిన్స్ లీగ్ దశలో ఎదుర్కొన్న జట్లలో ఓటముల కన్నా గెలుపులు ఎక్కువ ఉన్నవి రెండే.

నాలుగో డౌన్

బోస్టన్‌వాసి గారూ, జట్టు గొప్పదనం గురించి నాకు పేచీ లేదు. ఓటమిని హెల్మెట్ క్యాచ్ ఖాతాలో వేయడమే ఒప్పుకోలేను.

ఆ సీజన్‌ను రెండు సగాలుగా చూడండి. మొదటి ఎనిమిది మ్యాచ్‌లు నల్లేరు మీద నడక. అన్నీ కనీసం 17 పాయింట్ల తేడాతో గెలిచినవే, వాషింగ్టన్‌పై ఏకంగా 52-7. నవంబర్ నుంచి కథ మారింది. ఇండియనాపోలిస్‌పై 24-20, ఫిలడెల్ఫియాపై 31-28, బాల్టిమోర్‌పై 27-24. బాల్టిమోర్‌లో జరిగింది గుర్తుందా? నాలుగో డౌన్‌లో (పది గజాలు సాధించడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో చివరిది) బ్రేడీని ఆపేశారు, ఆట దాదాపు ముగిసింది. కానీ బంతి కదలడానికి క్షణం ముందు బాల్టిమోర్ రక్షణ కోచ్ రెక్స్ రయాన్ టైమ్‌అవుట్ అడిగి ఉన్నాడు. ఆ ప్లే చెల్లలేదు, పేట్రియాట్స్ బతికిపోయారు. అదృష్టం లెక్క తీస్తే ఆ రాత్రిని కూడా లెక్కలో వేయాలి కదా.

ఇక ఫైనల్. లీగ్ దశ మొత్తంలో బ్రేడీ శాక్ అయింది, అంటే పాస్ విసిరేలోపే పడగొట్టబడింది, 21 సార్లు. ఆ ఒక్క రాత్రే 5 సార్లు. తమ రక్షణ ఆటగాడు జస్టిన్ టక్‌ను అంచు నుంచి లోపలికి తెచ్చి గార్డుల (బ్రేడీ ముందు నిలిచి కాచే లోపలి వరుస ఆటగాళ్లు) మీదికి తోలాడు జెయింట్స్ రక్షణ కోచ్ స్టీవ్ స్పాగ్నువోలో. ఎదురుగా వచ్చే ఒత్తిడికి బ్రేడీకి ముందుకు అడుగు వేసే చోటే లేకపోయింది. లోతుగా పరిగెత్తే మాస్‌కు బంతి చేరాలంటే ఆ సమయం కావాలి. మ్యాచ్‌కు సగటున 36 పాయింట్లకు పైగా చేసిన జట్టును 14 దగ్గర కట్టిపడేసింది ఇదే. టైరీ క్యాచ్‌కు ముందే 58 నిమిషాలకు పైగా ఆట అయిపోయింది.

నీలి జెర్సీ

జెయింట్స్ అభిమానిగా ఒక్క మాట. డిసెంబర్ 29న చివరి లీగ్ మ్యాచ్. మాకు ప్లేఆఫ్స్ బెర్తు ఖాయమైపోయింది, ప్రధాన ఆటగాళ్లకు విశ్రాంతి ఇచ్చినా అడిగేవారు లేరు. మా కోచ్ టామ్ కాఫ్లిన్ అందరినీ దించాడు. మూడో క్వార్టర్‌లో 28-16తో మాదే ఆధిక్యం. నాలుగో క్వార్టర్‌లో మాస్ ఒక లోతైన పాస్ జారవిడిచాడు. వెంటనే మళ్లీ అటే విసిరాడు బ్రేడీ, 65 గజాల టచ్‌డౌన్. 38-35తో ఓడాం. కానీ ఈ జట్టును ముప్పుతిప్పలు పెట్టవచ్చని మా వాళ్లకు ఆ రాత్రే తెలిసింది.

బోస్టన్‌వాసి

మీరిద్దరూ చెప్పింది కాదనను. కానీ మా కుడి గార్డు స్టీఫెన్ నీల్ మొదటి సగంలోనే మోకాలి గాయంతో బయటికి వెళ్లాడు. బ్రేడీ చీలమండ దెబ్బతో ఫైనల్‌కు వచ్చాడు. టక్ చొచ్చుకొచ్చింది ఆ లోపలి వరుసలోనే. దీన్ని దురదృష్టం అనకుండా ఏమంటారు?

నాలుగో డౌన్

నీల్ గాయం నిజమైన నష్టమే, ఒప్పుకుంటాను. కానీ గార్డు పడిపోయాక కోచ్ ఏం చేయాలి? పరుగు ఆటతో ఎదుటివాళ్ల దూకుడు తగ్గించాలి. పేట్రియాట్స్ బ్రేడీ చేత 48 పాస్‌లు వేయించారు, బంతితో పరిగెత్తింది 16 సార్లే.

అన్నిటికన్నా నన్ను వేధించేది మూడో క్వార్టర్. 7-3 ఆధిక్యం, బంతి జెయింట్స్ 31 గజాల గీత దగ్గర, నాలుగో డౌన్, ఇంకా 13 గజాలు కావాలి. 49 గజాల ఫీల్డ్ గోల్‌కు (మూడు పాయింట్లు తెచ్చే కిక్) కిక్కర్ స్టీఫెన్ గోస్ట్‌కౌస్కీని పంపలేదు పేట్రియాట్స్ కోచ్ బెలిచిక్. పాస్ వేయించాడు, అది నేలపాలైంది. చివరికి ఓడింది మూడు పాయింట్ల తేడాతో. ఆ నిర్ణయంలో టైరీ హెల్మెట్ లేదు, శామ్యూల్ చేతులు లేవు. సీజన్ పొడవునా నాలుగో డౌన్‌లో తెగించి గెలిచిన జట్టు, తన బలం తగ్గిన రాత్రి కూడా అదే ధీమాతో ఆడింది. ఆ కిక్ ఎందుకు వద్దనుకున్నారో మీలో ఎవరైనా సమర్థించగలిగితే వినడానికి సిద్ధంగా ఉన్నాను.